రాతకు తగిన ప్రకటన కావాలి

గూగుల్ సంస్థ ప్రకటనల విభాగం బాధ్యులకు,



తెలుగులో సొంతంగా చిన్న సైట్లు నడుపుకుంటున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. వరి తెగుళ్ళ గురించి రాసే రిటైరైన వ్యవసాయాధికారి, షుగరు జబ్బు గురించి రాసే డాక్టరు, పదో తరగతి లెక్కలు విడమరిచి చెప్పే మాస్టారు, ఊరగాయల కొలతలు రాసే గృహిణి, కొత్తవాళ్ళ కథలు వేసే సంపాదకుడు. వీళ్ళకు ఈ పని మీద జీతం లేదు. రాసినదాని పక్కన వచ్చే ప్రకటనల మీద దొరికే నాలుగు రూపాయలే సైటు ఖర్చుకు ఆసరా. వీళ్ళు నన్ను ఏమీ అడగమనలేదు. వీళ్ళు రాసింది చదివి లాభపడినవాళ్ళలో నేనూ ఒకణ్ణి కాబట్టి రాస్తున్నాను.

అడిగేది ఒక్కటే. తెలుగు రచన పక్కన పెట్టే ప్రకటనను ఆ రచనలో ఉన్న విషయాన్ని చూసి ఎంచండి. చదివేవాడు నిన్న ఏం వెతికాడో, ఏ చెప్పుల జత చూసి కొనకుండా వచ్చేశాడో లెక్క తీసి ఎంచకండి.

వరిలో దోమపోటు నివారణ గురించి ఒక శాస్త్రజ్ఞుడు ఓపిగ్గా రాసిన వ్యాసం మధ్యలో పేకాట యాప్ ప్రకటన, పసిపిల్లల టీకాల గురించిన పేజీలో అయిదు నిమిషాల్లో అప్పు ఇస్తామనే ప్రకటన తెలుగు పాఠకులు చూస్తూనే ఉన్నారు. వాటిని అమర్చింది ఏ సంస్థ యంత్రమో పాఠకుడికి తెలియదు, తెలుసుకునే దారీ లేదు. అతనికి కనిపించేది రాసినాయన పేరు ఒక్కటే. అందుకే మాట పడేది కూడా ఆయనే. ‘ఇంత చదువుకున్నాయన ఇలాంటివి పెట్టుకుంటాడా’ అంటారు. పెట్టింది ఆయన కాదు. ఆయన ఖాళీ స్థలం ఇచ్చాడు, అంతే.

మన పత్రికల్లో ఇలా ఉండేది కాదు. తెలుగు పత్రికా రంగం మొదటి నుంచీ ప్రకటనతో కలిసే పెరిగింది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, ఆ వ్యాపారం ఇచ్చిన బలంతోనే 1908లో అక్కడే ఆంధ్రపత్రికను వారపత్రికగా తెచ్చారు. 1914లో అది మద్రాసులో దినపత్రిక అయింది. 1924లో భారతి సాహిత్య పత్రిక వచ్చింది. తలనొప్పి మందు అమ్మిన డబ్బు తెలుగు సాహిత్యానికి ఎంత ఉపకారం చేసిందో చదువుకున్న తెలుగువాళ్ళందరికీ తెలుసు. అంతకంటే నాకు ఎక్కువ నచ్చే ఉదాహరణ డాక్టర్ కె.ఎన్. కేసరి గారిది. మద్రాసు కేసరి కుటీరంలో స్త్రీల ఆరోగ్యం కోసం లోధ్ర అనే మందు తయారుచేసిన ఆయనే 1928లో స్త్రీల కోసం గృహలక్ష్మి పత్రిక పెట్టారు. మందు ఎవరికి పనికొస్తుందో పత్రిక కూడా వాళ్ళదే. అందులో లోధ్ర ప్రకటన కనిపిస్తే ఆ పత్రిక చదివే ఇల్లాలికి అది పరాయి వస్తువు అనిపించదు. 1947లో మొదలైన చందమామ అట్టల మీద చిత్తూరు న్యూట్రిన్ మిఠాయిలు, 1969లో మొదలైన వ్యవసాయ పత్రిక అన్నదాతలో విత్తనాలు, మోటారు పంపుసెట్లు. రైతులు అన్నదాతలో వ్యాసాలతో పాటు ప్రకటనలూ చదివారు. ఏ కంపెనీ కొత్త పంపు తెచ్చిందో వాళ్ళకు తెలిసింది అక్కడే. ఆ ప్రకటనలు వేయడానికి ఎవరూ ఏ రైతు వెంటా పడి అతను ఎక్కడికి వెళ్తున్నాడో రాసుకోలేదు. పత్రిక ఏ విషయం మీద వస్తోందో చూశారు, అది చాలింది.

ఈ పద్ధతి మీకు కొత్త కాదు. ఇంటర్నెట్‌లో దాన్ని ఇంత పెద్ద ఎత్తున నిలబెట్టింది మీరే. 2003లో సైట్లకు ప్రకటనలు అందించే మీ యాడ్‌సెన్స్ మొదలైనప్పుడు దాని పని అదే. మీ యంత్రం పేజీని చదివేది, విషయం ఏమిటో గ్రహించేది, దానికి సరిపడే ప్రకటన తెచ్చేది. ఆ గ్రహింపు మెరుగుపడాలని అదే సంవత్సరం అప్లయిడ్ సెమాంటిక్స్ అనే కంపెనీని కొన్నారు. తర్వాత దారి మారింది. డబుల్‌క్లిక్ అనే ప్రకటనల సంస్థ కొనుగోలు 2008లో పూర్తయింది. 2009లో చదువరి అభిరుచుల్ని బట్టి ప్రకటనలు చూపడం మొదలుపెట్టారు. అప్పటి నుంచి పేజీ కంటే చదివే మనిషి ముఖ్యమయ్యాడు. ఏ సైటుకు వెళ్ళినా అతని వెంట అవే ప్రకటనలు. రాసినవాడు ఏం రాశాడన్నది వెనక్కి పోయింది.

ఇంగ్లీషు సైట్ల మీద ఈ మార్పు దెబ్బ అంతగా కనిపించకపోవచ్చు. అక్కడ ప్రకటనదారులు లెక్కలేనంత మంది, ఏదో ఒకటి కాస్త దగ్గరగా కుదురుతుంది. తెలుగు సంగతి వేరు. హిందీకి 2014లో అందిన యాడ్‌సెన్స్ తెలుగుకు అందింది 2018లో. 2011 జనాభా లెక్కల ప్రకారం 8 కోట్ల 11 లక్షల మంది మాతృభాష అయినా, ఇప్పటికీ తెలుగు పేజీలో తెలుగు ప్రకటన కనబడటం అరుదే. విషయానికి తగిన ప్రకటన తెచ్చే పని గట్టిగా జరగనప్పుడు ఆ ఖాళీలోకి దూరేవి డబ్బు ఎక్కువ పెట్టగలిగినవి: జూదం, అప్పు, అద్భుత చికిత్స.

తెలుగు పేజీని యంత్రం అర్థం చేసుకోవడం తేలిక కాదని నాకు తెలుసు. దోమపోటు వరికి వచ్చే బెడద. యంత్రం ‘దోమ’ను మాత్రమే పట్టుకుంటే ఇంట్లో వెలిగించే దోమల చుట్టల ప్రకటన తెస్తుంది. అగ్గితెగులులో ‘అగ్గి’ని పట్టుకుంటే నిప్పు ఆర్పే సిలిండర్లు అమ్ముతుంది. సాంబ మసూరి అన్నది బాపట్లలో పుట్టిన బీపీటీ 5204 అనే వరి రకమని తెలియకపోతే మసూరీ కొండలకు విహారయాత్ర చూపిస్తుంది. ‘మందు’ అన్న మాట పొలం గట్టు మీద పురుగుమందు, ఆస్పత్రిలో ఔషధం, సాయంత్రం కొందరి నోట సారా. పేజీ మొత్తం చదవగల యంత్రానికి ఇది తెలియని విషయం కాకూడదు. ఇవాళ మీ అనువాద యంత్రం తెలుగు వాక్యాన్ని నిమిషం ఆలోచించకుండా ఇంగ్లీషులోకి మారుస్తోంది, తెలుగులో ప్రశ్న అడిగితే తెలుగులోనే జవాబిస్తోంది. అంత తెలివి సంపాదించిన సంస్థ, రైతు పేజీ పక్కన ఏ ప్రకటన ఉండాలో తేల్చేటప్పుడు ఆ తెలివిని పూర్తిగా వాడాలి.

విషయానికి దగ్గరగా ఉంటే చాలదన్న సంగతి కూడా చెప్పాలి. 2003లోనే న్యూయార్క్ పోస్ట్ వెబ్‌సైటులో ఒక హత్య వార్త వచ్చింది. శవాన్ని ముక్కలు చేసి సూట్‌కేసులో పెట్టిన దారుణం అది. పక్కన సూట్‌కేసుల ప్రకటన కనిపించింది. యంత్రం మాట పట్టుకుంది, మనిషి దుఃఖం పట్టుకోలేదు. తెలుగులో నాకు ఇంతకంటే భయం కలిగించేది ఆరోగ్యం. మధుమేహం గురించి డాక్టరు రాసిన పేజీకి అన్నిటికంటే దగ్గరగా ఉండే ప్రకటన ఏది? ‘ఇన్సులిన్ మానేయండి, మా పొడి వాడండి’ అనేదే. ఆ డాక్టరు పేజీ అంతా దేనికి వ్యతిరేకంగా రాశాడో దాన్నే ఆయన పేరు కింద అమ్మడం అవుతుంది. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం మధుమేహం, క్యాన్సర్ లాంటి జబ్బులు నయం చేస్తామని ప్రచారం చేయడాన్ని ఎప్పుడో నిషేధించింది. డబ్బు పందెం ఆటల విషయంలో తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆంక్షలు తెచ్చాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం వాటి ప్రకటనల్ని కూడా నిషేధించింది. కాబట్టి ఇక్కడ నేను కొత్త నియమం కోరడం లేదు. ఉన్న చట్టాలు తెలుగులో రాసిన ప్రకటనకూ, తెలుగు పేజీలోకి వచ్చే ప్రకటనకూ ఇంగ్లీషుతో సమానంగా వర్తించేటట్టు చూడమంటున్నాను. ఫలానా తరహా ప్రకటనలు వద్దని అడ్డుకునే సదుపాయం సైటు యజమానికి ఇచ్చామని మీరు అనవచ్చు. ఉంది, మంచిదే. కానీ వద్దన్నవాటిని ఒక్కొక్కటే ఏరి పారేసే పని ఊరగాయల గురించి రాసే ఆవిడది కాకూడదు. చట్టం వద్దన్నవి ఆవిడ గడప దాకా రాకుండా ఆపాల్సింది మీరు.

మనిషిని వదిలి పేజీని చూస్తే ఆదాయం పడిపోతుందన్నది మీ వాదన. 2019లో మీరు చేసిన పరీక్షలో, చదువరిని సైటు నుంచి సైటుకు గుర్తుపట్టే కుకీలు తీసేస్తే పెద్ద ప్రచురణ సంస్థల ఆదాయం సగటున 52 శాతం తగ్గిందని చెప్పారు. ఆ లెక్కను నేను కొట్టిపారేయను. అదే సంవత్సరం అమెరికాలో ఒక పెద్ద మీడియా సంస్థ లావాదేవీలను పరిశీలించిన పరిశోధకులు మాత్రం కుకీ వల్ల ప్రచురణకర్తకు అదనంగా దక్కేది సుమారు 4 శాతమే అన్నారు. నెదర్లాండ్స్ ప్రభుత్వ ప్రసార సంస్థ ఎన్‌పీఓ 2020లో చదువరుల మీద నిఘా పూర్తిగా మానేసి, కార్యక్రమం విషయాన్ని బట్టి మాత్రమే ప్రకటనలు ఇచ్చింది. ఆ ఏడాది మొదటి నెలల్లో దాని ఆదాయం అంతకు ముందు ఏడాది కంటే పెరిగింది. తెలుగుకు ఏది వర్తిస్తుందో తెలుగు సైట్ల మీద పరీక్షిస్తేనే తెలుస్తుంది. ఆ పరీక్ష చేసి ఫలితం బయటపెట్టండి.

మీరు చేయగలిగినవి కొన్ని చెబుతాను. సైటు యజమాని తన పేజీ తెరిస్తే మీ యంత్రం దాన్ని ఎలా అర్థం చేసుకుందో తెలుగులో కనిపించాలి: ‘వరి, సస్యరక్షణ, కోస్తా జిల్లాలు’ అని. తప్పుంటే ఆయన దిద్దగలగాలి. దోమపోటుకూ దోమల చుట్టకూ తేడా మీ యంత్రానికి నేర్పగలవాడు అతనొక్కడే, అదీ ఉచితంగా నేర్పుతాడు. రాసిన వ్యాసం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో గుర్తు పెట్టి, యంత్రం అదే చదివేలా చేసే వీలు ఒకప్పుడు యాడ్‌సెన్స్‌లోనే ఇచ్చారు. పక్కనున్న మెనూలు, పాత లింకుల గందరగోళంలో విషయం తప్పిపోకుండా తెలుగు సైట్లకు అలాంటిది కావాలి. యూరప్ చట్టాల కోసం 2018లో వ్యక్తిగతం కాని ప్రకటనల ఏర్పాటు చేశారు. దాన్ని తెలుగులో వివరించి, కోడు రాయడం రాని మనిషి కూడా ఒక మీట నొక్కి ఎంచుకునేలా ముందుకు తెండి.

రెండో పక్కన ప్రకటన ఇచ్చేవాళ్ళున్నారు. చీరాలలో నేత చీరలు అమ్మేవాడికి, తెనాలిలో పంపులు బాగుచేసేవాడికి, నిజామాబాదులో పసుపు వ్యాపారికి మీ తలుపు ఎక్కడుందో తెలియదు. నేత గురించిన రాతల పక్కన నా చీరలు, పసుపు సాగు గురించిన రాతల పక్కన నా విత్తనం అని తెలుగులో చెప్పి, చిన్న మొత్తం కట్టి వెళ్ళగలిగితే వాళ్ళు వస్తారు. న్యాయంగా సంపాదించే ఇలాంటివాళ్ళు ఎక్కువైతే జూదం వాడికి చోటు దానంతట అదే తగ్గుతుంది. తెలుగు రాతకు రేటు కూడా పెరుగుతుంది. నాకు ఈ భాగం మీదే ఎక్కువ ఆశ.

2025 ఏప్రిల్‌లో అమెరికా న్యాయస్థానం ప్రచురణకర్తల ప్రకటనల సాఫ్ట్‌వేర్‌లోనూ, ప్రకటనల వేలం మార్కెట్‌లోనూ మీరు చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యం నిలుపుకున్నారని తీర్పు చెప్పింది. మీరు దాన్ని ఒప్పుకోలేదు. ఆ వ్యాజ్యం ఎలా ముగిసినా నా మాట మారదు. స్థలం అమ్మేవాడి తరఫునా, కొనేవాడి తరఫునా నిలబడి, మధ్యలో వేలం కూడా నడిపే సంస్థకు ఆ స్థలంలో ఏం కనబడుతుందన్న బాధ్యత మిగతావారి కంటే ఎక్కువ.

వచ్చే ఖరీఫ్ లోపు వ్యవసాయం, ఆరోగ్యం, చదువు ఈ మూడు విషయాల మీద రాసే తెలుగు సైట్లలోనైనా ప్రకటనలను పూర్తిగా విషయాన్ని బట్టి ఇచ్చి చూడండి. సైటు యజమానులకు వచ్చిన ఆదాయం పెరిగినా తగ్గినా లెక్క తెలుగులో ప్రచురించండి. ఈ ఉత్తరానికి జవాబు కూడా తెలుగులోనే, అందరూ చదివేలా ఇవ్వండి.

ఇట్లు,
ఒక తెలుగు పాఠకుడు