డెక్క తీస్తే చాలదు, మోరీ మళ్లించాలె



చెరువు నిండా గుర్రపు డెక్క కమ్ముకుంటే, ఆ ఊదారంగు పూలను చూసి ముచ్చటపడేవారు ఇంకా వున్నారు. ఆ పచ్చదనం చెరువుకు పట్టిన రోగమని నా అభిప్రాయం.

ఈ మొక్క మన దేశానిది కాదు. దక్షిణ అమెరికాలోని అమెజాన్ ప్రాంతానిది. పందొమ్మిదవ శతాబ్దం చివర పూల అందం కోసం బెంగాల్‌కు తెచ్చుకున్నారు. అది పొలాలను, పడవ దారులను కమ్మేయగా 1936లో దాని నిర్మూలనకు చట్టమే చేయవలసి వచ్చింది. సముద్రానిదీ ఇదే గతి. తమిళనాడు తీరంలో సాగు కోసం తెచ్చిన కప్పాఫైకస్ అనే నాచు, మన్నారు సింధుశాఖలోని కురుసడై దీవి వద్ద పగడాలపై పాకుతున్నదని 2008లో శాస్త్రజ్ఞులు హెచ్చరించారు. పరాయి మొక్కను తెచ్చుడు అల్కనే, సాగనంపుడే కష్టం.

డెక్క కింద నీటికి ఎండ తగలదు, ప్రాణవాయువు తగ్గిపోతుంది. 2016లో మొదలైన ఉచిత చేపపిల్లల పథకం మంచిదే. కాని ఇట్లాంటి నీళ్లల్ల ఆ పిల్లలు ఎట్ల బతుకుతయి? బెస్తలు, ముదిరాజులు వల ఎక్కడ వేయాలె?

బతుకమ్మ పండుగ ముందర కూలీలను పెట్టి డెక్క తీయిస్తారు. నీరు అనుకూలిస్తే రెండు వారాల్లోనే అది రెండింతలవుతుంది. దాని విత్తనం బురదలో ఏండ్ల తరబడి బతికి వుంటుంది. 1983లో మన దేశంలో వదిలిన ముక్కుపురుగులు దీన్ని తింటాయి గాని, వాటి పని నిదానం. డెక్కకు అసలు మేత మురుగులోని నత్రజని, భాస్వరం. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాలు పెరిగినకొద్దీ ఇండ్ల మురుగు పల్లంలోని చెరువుల దారి పడుతున్నది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద పూడిక తీసుకున్నాం. మోరీని మళ్లించకుంటే ఆ శ్రమంతా డెక్క పాలే గదా!

జగిత్యాల పక్కన పొలాసలో, సిరిసిల్లలో వ్యవసాయ కళాశాలలున్నాయి. కోరుట్లలో పశువైద్య కళాశాల వుంది. ఒక్కొక్క కళాశాల ఒక్కొక్క చెరువును పట్టుకోవాలె. ఏ మోరీ ఎక్కడ కలుస్తున్నదో పటం గీద్దాం. నెలనెలా నీటిని పరీక్షిద్దాం. తీసిన డెక్కను కట్ట మీద వదలక ఎరువు చేద్దాం. ఆ లెక్కలతో మునిసిపాలిటీ ముందుకు పోదాం. చదువుకున్న మనమే అడగకపోతే చెరువు పక్షాన అడిగేదెవరు?