గృహవస్తు రక్షణము: పెట్టెలోని పాత కెమేరా



గత మాసమున కుట్టుయంత్రమునకు నూనె వేయు విధమును ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున ఒక్క నూనెచుక్కతో చెడిపోవు యంత్రమును గూర్చి వ్రాయుచున్నాను. అది మన యిండ్లలో అటకమీదనో, పెట్టె యడుగుననో తోలుసంచిలో పడియుండు ఫిల్ము కెమేరా. చేతిఫోనులు వచ్చిన పిదప దానిని తలచువారు తక్కువ. పండుగకు ఇల్లు సర్దునపుడు అది బయటపడును. పిల్లలు తమకిమ్మందురు, పాతసామానులవాడు తూకమునకు అడుగును. అప్పుడు గృహిణి ఏమి చేయవలెనో తెలిసియుండుట మేలు. కెమేరా పోయినను మఱియొకటి దొరకును గాని, దానిలోని బొమ్మలు పోయినచో మరల రావు.

కాబట్టి మొదటి నియమము: వెనుక తలుపును వెంటనే తెరువరాదు. లోపల కడుగని ఫిల్ము ఉండవచ్చును. వెలుతురు తగిలినచో దానిమీది బొమ్మలు క్షణములో నశించును. 35 మిల్లీమీటర్ల ఫిల్ము వాడు కెమేరాలలో ఫిల్మును వెనుకకు చుట్టుటకు పైభాగమున ఎడమవైపు చిన్న పిడి యుండును. దానిని బాణపుగుర్తు చూపు దిక్కునకు మెల్లగా త్రిప్పవలెను. కొంచెము తిరిగి బిగిసినచో లోపల ఫిల్మున్నదని యర్థము. అపుడు అడుగుననుండు చిన్న బొత్తామును నొక్కి, బిగువు పూర్తిగా వదలువఱకు చుట్టి, పిమ్మటనే తెరువవలెను.

బరోడాలో న్యూ ఇండియా ఇండస్ట్రీసు వారు తయారుచేసిన అగ్ఫా క్లిక్ త్రీ వంటి కెమేరాలలో 120 అను వెడల్పు ఫిల్మును వేయుదురు. ఒక చుట్టకు 12 చదరపు బొమ్మలు వచ్చును. వీని వీపున ఎఱ్ఱని చిన్న కిటికీ యుండును. అందు అంకె కనబడినచో ఫిల్మున్నట్లే. 12 దాటి, కాగితపు కొసయు గడచి, పిడి వట్టిగా తిరుగువఱకు చుట్టి, మసక వెలుతురున తీసి, చుట్ట వదులు గాకుండ అంటు కాగితముతో బిగింపవలెను.

గతించిన మా మామగారి క్లిక్ త్రీ బయటపడినపుడు ఆ కిటికీలో 7 అను అంకె కనబడినది. మా పిల్లవాని వ్రేలు అప్పటికే తలుపు మీటపై నుండెను. వారించి, ఫిల్మును పైవిధముగా చుట్టి, అది ఎంత పాతదో చీటీ వ్రాసి, నగరములో ఫిల్ము కడుగువారికి పంపితిమి. తక్కినవన్నియు మసిబారినవి గాని రెండు బొమ్మలు దక్కినవి. రెంటను మా అత్తగారు నూతిగట్టు కడ నిలిచి నవ్వుచున్నారు. ఆమె నవ్వుచున్న బొమ్మ అంతకుముందు మా యింట లేదు.

ఫిల్ము లేదని రూఢియైన తరువాతనే శుభ్రము. కటకమును చీరకొంగుతో తుడువరాదు. దానిమీది దుమ్ములో ఇసుకరేణువులుండును; రుద్దినచో గీతలు పడును. మొదట రబ్బరు బుడ్డితో గాలి కొట్టి, మెత్తని కుంచెతో దులిపి, అప్పటికిని మరక యున్నచో కటకములకై అమ్ము పలుచని కాగితముపై ఒక్క చుక్క ద్రవము వేసి తుడువవలెను. ద్రవమును కటకముపై నేరుగా పోసినచో లోనికి దిగును.

తరువాత తలుపు తెరచి, కెమేరాను కిటికీ వైపు పట్టి మీట నొక్కినచో వెలుతురు తళుక్కున కనబడవలెను. లోని రేకులు కదలకున్నచో లోపల గ్రీజు గట్టిపడియుండవచ్చును. ఫిల్ము లేకుండ ఇరువది ముప్పది మారులు నొక్కినచో కొన్ని మరల కదలును. నూనె మాత్రము వేయరాదు. ఆ పలుచని రేకులు పొడిగా నుండిననే పరుగెత్తును. నూనె తగిలినచో ఒకదానికొకటి అంటుకొనును.

1970ల నాటి జపాను కెమేరాలలో తలుపు అంచున నల్లని స్పంజిపట్టీ యుండును. అది కాలక్రమమున తారువలె జిగటయై, వెలుతురును లోనికి రానిచ్చును. పండ్లపుల్లను స్పిరిటులో ముంచి దానిని గీకివేసి, ఆ గాడిలో నల్లని ఊలుదారమును పొందికగా అంటింపవచ్చును. అల్లికబుట్టలోని మిగులుదారమే చాలును. స్పిరిటు కడ దీపము, పొయ్యి ఉండరాదు.

బ్యాటరీని లోపల వదలిపెట్టరాదు. ఆల్కలైన్ బ్యాటరీ కారి తెల్లని పొక్కు కట్టినచో, వినిగరులో తడిపి పిండిన దూదితో తుడిచి, పూర్తిగా ఆరనీయవలెను. వెలుతురు కొలుచు కొన్ని పాత కెమేరాలకు 1.35 వోల్టుల పాదరసపు బ్యాటరీ వాడెడువారు. వానికి బదులు 1.5 వోల్టులవి వేసినచో కొలత తప్పును. వినికిడి యంత్రమునకు వాడు 1.4 వోల్టుల బ్యాటరీ దానికి దగ్గఱగా నుండును.

ఒక హద్దు మాత్రము ఎవరును దాటరాదు. లోపలనే ఫ్లాషు దీపముండు కెమేరా పైకప్పును విప్పరాదు. బ్యాటరీ తీసిన పిదపను దానిలో సుమారు 300 వోల్టుల విద్యుత్తు నిలిచియుండవచ్చును. అట్టిదానిని, కటకము లోపల బూజు పట్టినదానిని పనివానికే అప్పగింపవలెను.

ఇక భద్రపఱచుట. తోలుసంచి తేమను పీల్చి పట్టియుంచును. తేమయే బూజునకు మూలము. వానకాలమున కెమేరాను సంచినుండి తీసి, మూత బిగియు డబ్బాలో సిలికా జెల్ పొట్లముతో ఉంచవలెను. ఆ పొట్లమును పిల్లలకు అందనీయరాదు. బియ్యపు డబ్బాలో దాచుట తగదు. తవుడు, పిండి లోనికి చేరును. నెలకొకమారు తీసి, మీట నాలుగైదుసార్లు నొక్కి, గాలి తగులనిచ్చి మరల పెట్టవలెను.

బొమ్మలు దక్కినచో మఱియొక పని మిగిలియుండును. వెనుకవైపున మెత్తని పెన్సిలుతో, ఒత్తకుండ, బొమ్మలోనివారి పేర్లు, ఊరు, సంవత్సరము వ్రాయుడు. ఇంటి పెద్దలను అడిగి నేడే వ్రాయుడు. వారు లేని యింట ఆ పేర్లు చెప్పువారుండరు.