బైక్‌కి ఎల్‌ఈడీ హెడ్‌లైట్: రోడ్డు మీద పడేది వెలుగా.. ఎదుటివాళ్ల కళ్లలో పడేదా? అసలు సమస్య ఎక్కడుంది?

కొత్త బైక్ కొన్న కొన్నాళ్లకే చాలామంది మార్పించే పార్ట్ ఏంటంటే.. హెడ్‌లైట్ బల్బు. కంపెనీ ఇచ్చిన పసుపు లైటు సరిపోవడం లేదని, రాత్రిపూట రోడ్డు సరిగ్గా కనిపించడం లేదని తెల్లటి ఎల్‌ఈడీ బల్బు వేయించుకుంటున్నారు. సికింద్రాబాద్ రాణిగంజ్ నుంచి విజయవాడ ఆటోనగర్ దాకా స్పేర్ పార్ట్స్ షాపుల్లో ఇవి ఈజీగా దొరుకుతాయి. ఆన్‌లైన్‌లో అయితే లెక్కే లేదు. పాత బల్బు తీసి కొత్తది పెట్టడం పది నిమిషాల పని. అయితే ఆ పది నిమిషాల పనికి చట్టం ప్రకారం 5 వేల రూపాయల జరిమానా పడే అవకాశం ఉంది. అంతకంటే పెద్ద సమస్య.. ఎదురుగా వచ్చే వాహనదారుడికి కొన్ని సెకన్లపాటు ఏమీ కనిపించకపోవడం. మరి వెలుగు కోరుకోవడం తప్పా? తప్పు ఎక్కడ జరుగుతోంది?

అవసరం మాత్రం నిజమే

బల్బు మార్చేవాళ్లందరినీ షోకు కోసం చేస్తున్నారని కొట్టిపారేయలేం. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 44.5 శాతం టూవీలర్ల మీద వెళ్లినవాళ్లే. ఆ ఏడాది ఎక్కువ ప్రమాదాలు నమోదైంది సాయంత్రం 6 నుంచి రాత్రి 9 గంటల మధ్య. అంటే ఆఫీసుల నుంచి, పొలాల నుంచి జనం ఇంటికి వెళ్లే టైమ్‌లోనే.

ఊళ్ల మధ్య రోడ్ల మీద రాత్రి బండి నడిపేవాళ్లకి ఈ బాధ బాగా తెలుసు. వీధిలైట్లు ఉండవు. వెనక రిఫ్లెక్టర్ లేని ట్రాక్టర్ ట్రాలీ రోడ్డు పక్కన ఆగి ఉంటుంది. గేదెలు అడ్డం వస్తాయి. కోతల సీజన్‌లో రోడ్డు మీదే ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి ఉంటారు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న బైక్ సెకనుకి దాదాపు 17 మీటర్లు ముందుకు పోతుంది. అడ్డంకిని చూసి బ్రేక్ మీద కాలు వేసేలోపే 25 మీటర్లు దాటిపోతుంది. బండి పూర్తిగా ఆగాలంటే పొడి రోడ్డు మీద కూడా ఇంకో 20 మీటర్లు కావాలి. అంటే కనీసం 45 మీటర్ల దూరంలో ఉన్న రాయి కనిపించాలి.

హాలోజన్ లైటుతో వచ్చే కమ్యూటర్ బైకుల్లో ఎక్కువగా ఉండేది 35 వాట్ల బల్బు. వీటిలో హెచ్ఎస్1 అనే రకం బల్బు లో బీమ్‌లో ఇచ్చే వెలుగు సుమారు 525 ల్యూమెన్లు. హై బీమ్‌లో సుమారు 825. కార్లలో వాడే హెచ్4 బల్బు లో బీమ్‌లో 1000, హై బీమ్‌లో 1650 ల్యూమెన్లు ఇస్తుంది. అంటే కారు బల్బుతో పోలిస్తే బైక్ బల్బు వెలుగు సగమే. పైగా కారుకి రెండు, బైక్‌కి ఒకటే. అసంతృప్తికి కారణం ఇక్కడే ఉంది.

వెలుగు ఎంత అన్నది కాదు.. ఎక్కడ పడుతోంది అన్నదే పాయింట్

హెడ్‌లైట్ అంటే బల్బు ఒక్కటే కాదు. బల్బు, దాని వెనక ఉండే రిఫ్లెక్టర్, ముందున్న గ్లాస్.. ఈ మూడూ కలిస్తేనే హెడ్‌లైట్. మెకానిక్‌లు డూమ్ అని పిలిచే ఆ రిఫ్లెక్టర్‌ని ఒక రకం బల్బు కోసం లెక్క కట్టి తయారు చేస్తారు. హెచ్ఎస్1, హెచ్4 బల్బుల్లో రెండు ఫిలమెంట్లు ఉంటాయి. లో బీమ్ ఫిలమెంట్ కింద చిన్న మెటల్ కప్పు ఉంటుంది. ఫిలమెంట్ నుంచి కిందికి వెళ్లే కాంతిని ఆ కప్పు అడ్డుకుంటుంది. లేదంటే అది రిఫ్లెక్టర్ కింది భాగానికి తగిలి, ఎదుటివాళ్ల కళ్లలోకి లేస్తుంది. లో బీమ్ వేసినప్పుడు గోడ మీద కనిపించే గీతలాంటి అంచుకి కారణం ఆ కప్పే.

ఎల్‌ఈడీ బల్బులో ఫిలమెంట్ ఉండదు. ఒక సన్నటి పలకకి రెండు వైపులా చిప్‌లు అతికించి ఉంటాయి. వెలుగు పుట్టే చోటు ఫిలమెంట్ ఉన్న చోటు నుంచి ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిగినా లెక్క మొత్తం తప్పుతుంది. అంచు చెదిరిపోతుంది. రోడ్డు మీద పడాల్సిన కాంతి చెట్ల మీద, ఎదుటివాళ్ల మొహాల మీద పడుతుంది. బండి ముందు నాలుగైదు మీటర్ల దూరంలో మాత్రం తెల్లగా వెలిగిపోతుంది. దాంతో లైటు సూపర్ అనిపిస్తుంది. కానీ దగ్గర్లో వెలుగు ఎక్కువైతే కళ్లు దానికే అలవాటు పడతాయి. దూరంలో ఉన్న చీకటి ఇంకా చిక్కగా అనిపిస్తుంది. అసలు కావాల్సిన 45 మీటర్ల చూపు అక్కడే దెబ్బతింటుంది.

కంపెనీ నుంచే ఎల్‌ఈడీ హెడ్‌లైట్‌తో వచ్చే బైకుల సంగతి వేరు. వాటి రిఫ్లెక్టర్‌ని, లెన్స్‌ని ఎల్‌ఈడీ కోసమే డిజైన్ చేస్తారు. టెస్టులు పాస్ అయ్యాకే మార్కెట్‌లోకి వస్తాయి. కాబట్టి గొడవ ఎల్‌ఈడీతో కాదు. హాలోజన్ కోసం చేసిన డూమ్‌లో ఎల్‌ఈడీ బల్బు దూర్చడంతోనే.

బాక్స్ మీద అంకెల్ని నమ్మొచ్చా?

12 వేల ల్యూమెన్లు, 20 వేల ల్యూమెన్లు.. ఇలాంటి అంకెలు చూసి చాలామంది పడిపోతారు. చిన్న లెక్క వేస్తే విషయం అర్థమవుతుంది. ఇలాంటి బల్బుల్లో వాడే మంచి ఎల్‌ఈడీ ఒక వాట్‌కి సుమారు 100 నుంచి 150 ల్యూమెన్లు ఇస్తుంది. ఆ లెక్కన 12 వేల ల్యూమెన్లు రావాలంటే కనీసం 80 వాట్లు కావాలి. బొటనవేలంత బల్బులో 80 వాట్ల ఎల్‌ఈడీ పుట్టించే వేడిని చిన్న ఫ్యాన్‌తో చల్లార్చడం అయ్యే పని కాదు. వేడెక్కిన ఎల్‌ఈడీ వెలుగు తగ్గిపోతుంది, త్వరగా పాడవుతుంది. షాపులో ఆన్ చేసి చూపించిన వెలుగు అరగంట ప్రయాణం తర్వాత కూడా అలాగే ఉంటుందన్న గ్యారంటీ లేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. పాత కమ్యూటర్ బైకుల్లో చాలావాటికి హెడ్‌లైట్ కరెంట్ బ్యాటరీ నుంచి రాదు. ఇంజిన్‌లోని కాయిల్ నుంచి నేరుగా ఏసీ కరెంట్ వస్తుంది. అందుకే యాక్సిలరేటర్ వదలగానే లైటు డిమ్ అవుతుంది. అలాంటి బండికి ఎల్‌ఈడీ పెడితే మినుకుమినుకుమంటుంది. దాన్ని సరిచేయాలని మెకానిక్ వైరింగ్ కోసి బ్యాటరీకి కలిపితే కొత్త తలనొప్పులు మొదలవుతాయి.

ఎల్‌ఈడీ వద్దనుకుని 35 వాట్ల చోట 60/55 వాట్ల కారు బల్బు వేయించేవాళ్లూ ఉన్నారు. వైర్లలో 3 యాంపియర్ల దగ్గర వెళ్లే కరెంట్ ఒక్కసారిగా 5 యాంపియర్లకి చేరుతుంది. హోల్డర్ కరగడం, డూమ్ లోపలి మెరుపు పూత మాడిపోవడం దీనివల్లే. ఒకసారి ఆ పూత పోతే ఏ బల్బు వేసినా వెలుగు రాదు.

ఎదురుగా వచ్చేవాడి పరిస్థితి ఏంటి?

కళ్లలో బలమైన కాంతి పడితే అది కంటి లోపల చెదిరి, చూపు మీద తెల్లటి తెరలా కమ్ముకుంటుంది. లైటు దాటిపోయాక మళ్లీ చూపు కుదురుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. 60 కిలోమీటర్ల స్పీడ్‌లో 3 సెకన్లు అంటే 50 మీటర్లు. ఆ 50 మీటర్లూ బండి గుడ్డిగా పోతున్నట్టే. వయసు పైబడినవాళ్లకి, కంట్లో శుక్లాలు ఉన్నవాళ్లకి ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. నీలం ఛాయ ఉన్న తెల్లటి కాంతి పసుపు కాంతి కంటే కళ్లకి ఎక్కువగా గుచ్చుకుంటుంది. వానలో, పొగమంచులో అయితే అతి వెలుగు నీటి బిందువులకి తగిలి నడిపేవాడి కళ్లలోకే తిరిగొస్తుంది.

ఇక్కడే అసలు ప్రమాదం దాగి ఉంది. ఎదుటివాడి లైటుకి కళ్లు చెదిరిన రైడర్ ఏం చేస్తాడు? తన లైటు తక్కువగా ఉందనుకుంటాడు. మర్నాడు అంతకంటే పవర్‌ఫుల్ బల్బు వేయిస్తాడు. అతని ఎదురుగా వచ్చేవాడు కూడా అదే పని చేస్తాడు. ఇలా అందరూ లైట్లు పెంచుకుంటూ పోతే, పాత పసుపు లైటుతో వెళ్లే పాలవాడు, సైకిల్ మీద వెళ్లే కూలీ, రోడ్డు పక్కన నడిచే పిల్లలే నష్టపోతారు. ఆ తెల్లటి వెలుగుల మధ్య వాళ్లు ఎవరికీ కనిపించరు.

2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త టూవీలర్లకి ఇంజిన్ ఆన్‌లో ఉన్నంతసేపూ హెడ్‌లైట్ వెలిగే విధానం తప్పనిసరి అయింది. ఈ బండ్లకి లైటు ఆఫ్ చేసే స్విచ్ ఉండదు. అంటే తప్పుడు బల్బు పెడితే పగలూ రాత్రీ ఎదుటివాళ్లని ఇబ్బంది పెడుతూనే ఉంటుంది.

చట్టం ఏం చెబుతోంది?

మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్లకి భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. కేరళకి సంబంధించిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణతో సెక్షన్ 182ఏ చేరింది. అనుమతి లేని మార్పు చేయిస్తే ఒక్కో మార్పుకి 5 వేల రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. ఎదుటివాళ్ల కళ్లు చెదిరేలా లైట్లు ఉండకూడదని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో రూల్ 106 చెబుతోంది. ముందు భాగంలో స్పాట్ లైట్లు, సెర్చ్ లైట్లు పెట్టడాన్ని రూల్ 111 నిషేధిస్తోంది. ప్రత్యేక పరిస్థితుల్లో ముందుగా అనుమతి ఉంటేనే మినహాయింపు.

రూల్ ఇంత క్లియర్‌గా ఉన్నా బల్బులు మాత్రం బహిరంగంగానే అమ్ముడవుతున్నాయి. చలాన్ పడితే కట్టేది రైడర్ ఒక్కడే. అమ్మిన షాపు, దిగుమతి చేసిన వ్యాపారి, ల్యూమెన్ల లెక్క పెంచి చూపించిన కంపెనీ.. ఎవరూ రోడ్డు మీద పోలీసులకి దొరకరు. బల్బుని పీకించి, ఫొటో తీసి, ఫైన్ వేస్తే ఆ రైడర్ మళ్లీ చీకట్లోకే వెళ్తాడు. నెల తిరిగేలోపు ఇంకో బల్బు కొంటాడు.

జర్మనీ ఏం చేసింది?

వాహనాల నిబంధనల విషయంలో కఠినంగా ఉండే జర్మనీలో కూడా హాలోజన్ చోట ఎల్‌ఈడీ బల్బు పెట్టడం చాలాకాలం నిషేధమే. 2020లో మాత్రం అక్కడి ప్రభుత్వ సంస్థ కొత్త దారి చూపింది. ఏ బల్బు, ఏ మోడల్ హెడ్‌లైట్‌లో పెడితే కాంతి అంచు చెదరకుండా ఉంటుందో టెస్ట్ చేసి, పాస్ అయిన వాటికే అనుమతి ఇచ్చింది. మొదట కొన్ని కార్లతో మొదలైన ఆ జాబితాలోకి తర్వాత మోటార్‌సైకిళ్లు కూడా వచ్చాయి. అంటే బల్బుకి విడిగా కాదు.. బల్బు, హెడ్‌లైట్ జోడీకి ఆమోదం.

మన దగ్గర అది కుదరదా అంటే.. చట్టంలో తలుపు తెరిచే ఉంది. 2019 సవరణ ప్రకారం వాహనాల్లో మార్పులకి, కొత్త పార్టులు బిగించడానికి ప్రమాణాలు నిర్ణయించే అధికారం కేంద్రానికి ఉంది. అలా ఆమోదించిన మార్పు చేసినంత మాత్రాన కంపెనీ వారంటీ పోయినట్టు కాదని కూడా చట్టంలోనే ఉంది. సీఎన్‌జీ కిట్‌లకి, పాత బండ్లని ఎలక్ట్రిక్‌గా మార్చే కిట్‌లకి ఇప్పటికే ఆమోద విధానం నడుస్తోంది. టెస్టులు చేయడానికి పుణెలో ఏఆర్ఏఐ, మానేసర్‌లో ఐక్యాట్ లాంటి సంస్థలున్నాయి. దేశంలో ఎక్కువగా అమ్ముడయ్యే బైక్ మోడళ్లు కొన్నే. ముందు వాటితో మొదలుపెట్టినా లక్షల మందికి చట్టబద్ధమైన దారి దొరుకుతుంది.

బల్బు మార్చకుండానే వెలుగు పెంచుకోవచ్చు

అప్పటిదాకా రైడర్లు చేయగలిగింది చాలానే ఉంది. అన్నిటికంటే ముందు కరెంట్ సంగతి చూడాలి. హాలోజన్ బల్బుకి అందే వోల్టేజ్ 10 శాతం తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం పడిపోతుంది. పాతబడిన స్విచ్, తుప్పు పట్టిన కనెక్టర్, వదులైన ఎర్త్ వైర్.. వీటిని శుభ్రం చేయిస్తే కొత్త బల్బు కొన్నంత తేడా కనిపిస్తుంది. గ్లాస్ పసుపెక్కినా, డూమ్ లోపల మసకబారినా కంపెనీ డూమ్ సెట్ వేయించుకోవడం మేలు. బల్బు కావాలంటే అదే రకం, అదే వాట్లలో ఈ-మార్క్ ఉన్న మంచి కంపెనీ హాలోజన్ తీసుకోవాలి.

ఆ తర్వాత బీమ్ సెట్టింగ్. టైర్లలో గాలి సరిగ్గా ఉంచి, గోడకి 5 మీటర్ల దూరంలో బండి నిలబెట్టాలి. మీద ఒకరు కూర్చుని లో బీమ్ వేయాలి. వెలుగు పై అంచు హెడ్‌లైట్ మధ్య భాగం ఎత్తు కంటే 5 నుంచి 10 సెంటీమీటర్లు కిందికి ఉండాలి. పైకి ఉంటే హెడ్‌లైట్ దగ్గరున్న స్క్రూతో సరిచేయొచ్చు. వెనక ఇద్దరు కూర్చున్నా, బస్తా కట్టినా బండి వెనక్కి కుంగి లైటు పైకి లేస్తుందని గుర్తుపెట్టుకోవాలి. కంపెనీ ఎల్‌ఈడీ ఉన్న బండికి కూడా ఈ సెట్టింగ్ తప్పనిసరి. ఎదురుగా బండి కనిపించగానే డిప్పర్ కొట్టడం మాత్రం ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ పాటించేవాళ్లే తగ్గిపోతున్నారు.

మొత్తంగా చూస్తే చీకటి రోడ్డు మీద వెలుగు అడగడం రైడర్ హక్కు. దాన్ని ఎదుటివాడి చూపు పోగొట్టి తెచ్చుకోవాల్సి రావడమే తప్పు. వీధిలైట్లు, రోడ్డు అంచున రిఫ్లెక్టర్లు, ట్రాలీల వెనక స్టిక్కర్లు వేయించాల్సినవాళ్లు ఆ పని చేస్తే సగం మంది బల్బు మార్చాల్సిన అవసరమే ఉండదు. మిగతావాళ్లకి టెస్ట్ చేసిన బల్బు చేతికివ్వాల్సింది ప్రభుత్వమే. ఈ రెండూ చేయకుండా చలాన్‌లతోనే సరిపెడితే షాపుల్లో అమ్మకాలు ఆగవు. ఎదురెదురుగా వచ్చే ఇద్దరికీ రోడ్డు కనిపించదు.