కూర్చోబెట్టే ప్రేమ

మొగల్తూరులో కొండ అన్నమాటే లేదు. ఊరు దాటితే కాలువ, కాలువ దాటితే వరిచేలు, కొబ్బరితోటలు. ఇంకాస్త ముందుకెళ్తే పేరుపాలెం దగ్గర సముద్రం. ఎటు చూసినా అరచెయ్యిలా చదునైన నేల. ఆ ఊళ్లో నాకు వరుసకు ఓ అక్క ఉంది. చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. చంకకర్ర సాయంతో నడుస్తుంది. మోటారు మిషను మీద వీధి వీధంతటికీ జాకెట్లు కుడుతుంది.

కిందటి కార్తీకమాసంలో ఇంటిల్లిపాదీ పేరుపాలెం సముద్రస్నానానికి బయల్దేరాం. అక్క కూడా చీర మార్చుకుని అరుగు మీదికొచ్చింది. ‘నువ్వెందుకక్కా! ఆ ఇసకలో కర్ర దిగబడిపోద్ది. నీకు సముద్రం నీళ్లు సీసాలో పట్టుకొస్తాంలే’ అన్నాను. ప్రేమగానే అన్నాను. అక్క మారు మాట్లాడలేదు. లోపలికెళ్లి మళ్లీ పాతచీర కట్టుకుంది.

ఈమధ్య పర్వతారోహకుల గురించి చదువుతుంటే ఆ పాతచీరే పదేపదే గుర్తొచ్చింది.

అరుణిమా సిన్హా పేరు మీరు వినే ఉంటారు. ఉత్తరప్రదేశ్ అమ్మాయి, వాలీబాల్ క్రీడాకారిణి. 2011 ఏప్రిల్‌లో రైల్లో దొంగలు మెడలో గొలుసు లాక్కోబోతే ఎదిరించింది. వాళ్లు ఆమెను బయటికి తోసేశారు. పక్క పట్టాల మీద వస్తున్న రైలు కింద ఎడమకాలు నలిగిపోయింది. మోకాలి కింద నుంచి తీసేయాల్సి వచ్చింది. ఆస్పత్రి మంచం మీద ఉండగానే ఆమె ఎవరెస్టు ఎక్కాలనుకుంది. విన్నవాళ్లు పిచ్చి అనుకున్నారు. 1984లో ఎవరెస్టు ఎక్కిన తొలి భారతీయ మహిళ బచేంద్రీ పాల్ మాత్రం అలా అనుకోలేదు. ఇంటికెళ్లి విశ్రాంతి తీసుకోమనకుండా శిక్షణకు రమ్మన్నారు.

అదేమీ తేలిక కాదు. కృత్రిమ పాదానికి నేల తగిలిందో లేదో తెలియదు. చీలమండ మన ఇష్టప్రకారం వంగదు. గంటలకొద్దీ నడిస్తే మిగిలిన కాలు ఒరుసుకుపోయి పుండు పడుతుంది. అయినా 2013 మే 21న అరుణిమ ఎవరెస్టు శిఖరం మీద నిలబడింది. కాలు కోల్పోయి ఆ శిఖరం చేరిన తొలి మహిళ ప్రపంచంలో ఆమే. అప్పటికి ప్రమాదం జరిగి రెండేళ్లు దాటి నెల పైచిలుకు!

అంత దూరం ఎందుకు, మన హైదరాబాద్‌లోనే ఆదిత్య మెహతా ఉన్నాడు. రోడ్డు ప్రమాదంలో ఒక కాలు పోయాక సైకిలెక్కాడు. 2013లో ఆసియా పారా సైక్లింగ్ పోటీల్లో రెండు రజతాలు గెలిచాడు. తర్వాత తన పేరిట ఫౌండేషన్ పెట్టి, తనలాంటివాళ్లకు తర్ఫీదు ఇచ్చి, మనాలీ నుంచి ఖర్దుంగ్‌లా దాకా హిమాలయాల దారిలో సైకిళ్ల మీద తీసుకెళ్లాడు. ఆ కనుమ ఎత్తు పదిహేడున్నర వేల అడుగులు. అక్కడ రెండు కాళ్లూ ఉన్నవాళ్లకే ఆయాసం వస్తుంది.

అసలు సంగతి ఇప్పుడు చెప్తాను. 2017 డిసెంబరులో నేపాల్ ప్రభుత్వం ఓ నిబంధన తెచ్చింది. రెండు కాళ్లూ లేనివాళ్లు, పూర్తిగా చూపులేనివాళ్లు ఎవరెస్టు ఎక్కడానికి వీల్లేదంది. ప్రమాదాలు తగ్గించడానికట! అమెరికాకు చెందిన ఎరిక్ వైహెన్‌మేయర్ చూపు లేకుండానే 2001లో ఆ శిఖరం ఎక్కి దిగాడన్న సంగతి అప్పటికే లోకమంతటికీ తెలుసు. ఆ నిబంధన వచ్చేనాటికి హరి బుద్ధ మగర్ అనే మాజీ గూర్ఖా సైనికుడు ఎవరెస్టుకు సిద్ధమవుతున్నాడు. 2010లో అఫ్గానిస్థాన్‌లో బాంబు పేలి రెండు కాళ్లూ మోకాళ్ల పైదాకా పోగొట్టుకున్న మనిషాయన. పుట్టింది నేపాల్ కొండల్లోనే. సొంతగడ్డే ఆయన్ని ఇంట్లో కూర్చోమంది! 2018 మార్చిలో అక్కడి సుప్రీంకోర్టు ఆ నిబంధనను ఆపింది. 2023 మే 19న హరి శిఖరం చేరాడు. 2025 మేలో హిమాచల్‌ప్రదేశ్‌లోని కిన్నౌర్ జిల్లాకు చెందిన ఛోంజిన్ ఆంగ్మో ఎక్కింది. ఆమెకు చూపు లేదు.

కొండ మీద ప్రమాదం అబద్ధం కాదు. అన్ని అవయవాలూ ఉన్నవాళ్లు కూడా అక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నారు. పైగా వీళ్లెవరూ ఒంటరిగా ఎక్కలేదు. షెర్పాలు ఉన్నారు, తాళ్లున్నాయి, ఏళ్ల తరబడి సాధన ఉంది. సాయం చెయ్యడం వేరు, నీవల్ల కాదని ముందే తేల్చెయ్యడం వేరు. ఎక్కగలనా లేనా అన్నది ఎక్కేవాళ్లు కదా చెప్పాలి? నేపాల్ ప్రభుత్వం చేసిన పనే నేను మా అరుగు మీద చేశాను. దాని దగ్గర కనీసం కాగితం మీద రాసిన నిబంధన ఉంది. నా దగ్గర ఉన్నది ప్రేమ. దాని మీద ఏ కోర్టుకెళ్లాలి మా అక్క?

మొన్న ఫోన్ చేశాను. ‘అక్కా, ఈ కార్తీకానికి పేరుపాలెం వస్తావా?’ అనడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అంది. ‘ఇసకలో దిగబడకుండా కర్ర అడుగున వెడల్పాటి చెక్కబిళ్ల కొట్టించుకున్నాన్రా. పోయినేడే కొట్టించాను. మీరెవరూ అడగలేదు.’

మీ ఇంట్లోనూ అలాంటి కర్ర ఏ తలుపు మూలో ఉందేమో! ఓసారి అడిగి చూడండి.