తాయెత్తులోని తరంగము



గతమాసమున మా పొరుగింటి యామె తన మూడేండ్ల బిడ్డ మెడలో నొక నల్లని బిళ్ళను గట్టి తీసికొనివచ్చి, "అక్కయ్యగారూ, దీనిలో స్కేలారు తరంగములున్నవట, సెల్‌ఫోను వేడి బిడ్డను దాకనీయవట" యని మురియుచు జూపినది. వెల రెండువేల రూపాయలు. ఆమె సంతోషమును జూచి మేమానాడు నోరు మెదపలేదు. అది మా తప్పు.

తరంగమను మాట మనకు క్రొత్తది గాదు. శబ్దమెట్లు వ్యాపించునని విచారించిన తార్కికులు, చెరువునీటిలో నలవెంట నల పుట్టినట్లని వీచీతరంగన్యాయమును, కడిమిమొగ్గ యన్నివైపులకు నొక్కసారి విచ్చినట్లని కదంబముకుళన్యాయమును జెప్పిరి. నేటి శాస్త్రజ్ఞులు వేరొక భేదము నెన్నుదురు. గాలిలో శబ్దము తాను సాగు దిక్కుననే ముందువెనుకలకు గదలును. వెలుగును, 1888లో హెర్ట్జు ప్రయోగమున నిరూపించిన రేడియో తరంగములును సాగు దిక్కున కడ్డముగా నూగును.

ఇట్టి తరంగముపై మాట నెక్కించుట వీణ నెరిగినవారికి సులభముగా దెలియును. ఒకే స్వరమును గట్టిగను మెల్లగను మీటినట్లు తరంగపు టెత్తును మార్చుట యొక పద్ధతి. తీగెను లాగి గమకము పలికించినట్లు కంపనసంఖ్యను మార్చుట వేరొకటి. దీనికి 1933లో ఆర్మ్‌స్ట్రాంగు పేటెంటులు పొందెను. మన మింట వినెడి ఎఫ్.ఎం. రేడియో యిదియే.

ఇక స్కేలారు. దిక్కు లేక పరిమాణము మాత్రమే కలదానికి శాస్త్రమున నా పేరు. పాలవేడిమికి డిగ్రీలే గాని దిక్కు లేదు గదా! మాట నిజమైనదే. గాని శూన్యములో సాగు దిక్కుననే యూగెడి విద్యుత్తరంగమునకు మాక్సువెల్ సమీకరణములలో జోటు లేదు. తన ప్రసారము హెర్ట్జు తరంగము గాదని టెస్లా వాదించెను. 1901లో మొదలిడిన యాతని గోపురము 1917లో గూల్చబడెను. ఆ పేరు జెప్పియే నేడు బిళ్ళల నమ్ముచున్నారు.

కథలతో మాకు పేచీ లేదు. ఉర్సులా లెగ్విన్ 1966 నాటి నవలలో ఆన్సిబుల్ అను యంత్రము నక్షత్రముల దూరమునకు క్షణములో వార్త నంపును. ఆమె దానిని గథగానే చెప్పినది. మేము నిద్ర మాని చదివితిమి.

బిళ్ళల సంగతి యట్టిది గాదు. 2021 డిసెంబరులో నెదర్లాండ్సు అణుభద్రతాధికారులు ఇట్టి పది వస్తువులలో రేడియోధార్మిక ద్రవ్యము గలదనియు, చిరకాలము ధరించినచో హాని కలుగవచ్చుననియు, విప్పి భద్రముగా దాచుడనియు బ్రకటించిరి. వానిలో పిల్లల కంకణ మొకటి.

పొరుగింటి బిళ్ళ యట్టిదో కాదో కంటికి దెలియదు. మొన్న నీ వార్తను జదివి వినిపించితిమి. ఆమె ముఖము ముడుచుకొని, చాలసేపూరకుండి, దారమును విప్పి మా చేతికిచ్చినది. రెండువేల మాట మాత్రము తన పెనిమిటి చెవిని వేయవలదన్నది.