ఒక్క చుక్క కోసం ఏలూరు దాకానా?

గుండెలో లోహపు కవాటం అమర్చుకున్నవారు జీవితాంతం వార్ఫరిన్ మాత్ర వేసుకోవాలి. 1948లో ఎలుకల మందుగా వచ్చిన పదార్థమే ఇది! చాలకపోతే కవాటంపై రక్తం గడ్డకట్టి పక్షవాతం రావచ్చు. ఎక్కువైతే లోలోపల రక్తస్రావం. తోటకూర, పాలకూరల్లోని కె విటమిన్ ఈ మందుకు విరుగుడు. కూర మానమని కాదు, ఎప్పుడూ ఒకే తీరున తినమంటారు వైద్యులు.

అందుకే తరచు రక్తపరీక్ష. సిట్రేటు కలిపి తీసిన రక్తంనుంచి ప్లాస్మాను వేరుచేసి, దానికి థ్రాంబోప్లాస్టిన్, కాల్షియం చేర్చి, ఎన్ని సెకండ్లలో గడ్డకడుతుందో చూస్తారు. ఒక్కో ప్రయోగశాలలో ఒక్కో లెక్క వస్తుంటే, 1983లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐ.ఎన్.ఆర్. అనే ఉమ్మడి కొలత తెచ్చింది. మందు వాడని ఆరోగ్యవంతునికి అది సుమారు 1. వీరికి కవాటాన్నిబట్టి 2 నుంచి 3.5 దాకా ఉండాలి.

ఏలూరు, తాడేపల్లిగూడెం వాసులకు ఇదేమంత పని? కొల్లేటి లంకల్లో చేపల చెరువుల మీద కూలిచేసే మనిషికి మాత్రం పరీక్షకు వెళ్ళిన రోజు కూలి పోయినట్లే. అతడు పరీక్ష మానేస్తే నిర్లక్ష్యమనడం నాకు న్యాయంగా తోచదు. వేలికొస రక్తపుచుక్కతో నిమిషాల్లో ఐ.ఎన్.ఆర్. చెప్పే చేతిపరికరాలున్నాయి. ఖరీదైనవే, నిజం. అయినా లంకగ్రామాల ఆరోగ్య ఉపకేంద్రాల్లో వాటిని ఉంచాలి. పరికరం చూపిన లెక్కను అప్పుడప్పుడు ఏలూరు ప్రయోగశాలలో సరిచూస్తే సరి.