కట్ట మీద ఉన్నోళ్ళను అడిగినారా?

చెరువు బాగుపడుతుందంటే మనలో వద్దనేవాడు ఎవడూ లేడు. పూడిక తీయండి, తూములు బాగుచేయండి, ఊరి మురుగు చెరువులో కలవకుండా ఆపండి. ఆ పని జరిగితే అందరికంటే ముందు సంతోషపడేది గాలం, వల నమ్ముకున్న యానాదులు, చెరువంచున ఈత మండలు కోసుకుని బుట్టలల్లే ఎరుకలోళ్ళు. గొడవ అక్కడ లేదు. "ప్రజల అభిప్రాయం తీసుకున్నాం" అని కాగితం మీద రాసుకునే ఒక్క వాక్యం దగ్గర ఉంది. ఏ ప్రజలు? ఎప్పుడు అడిగినారు? ఏం చూపించి అడిగినారు?

ఈ మాట ఇప్పుడే ఎందుకు ఎత్తుతున్నానంటే, మన వైపు నీళ్ళు వచ్చినాయి. 2025 ఆగస్టు 30న కుప్పం దగ్గర పరమసముద్రంలో ముఖ్యమంత్రి హంద్రీ–నీవా నీళ్ళకు జలహారతి పట్టినారు. ఎక్కడో మల్యాల దగ్గర శ్రీశైలం వెనక నీళ్ళను ఎత్తిపోస్తే, అవి పుంగనూరు కాలువ దాటి కుప్పం దాకా చేరినాయి. కరువు సీమకు అది పండగే. కానీ నీళ్ళున్న చెరువు మీద డబ్బు కన్ను కూడా పడుతుంది. నిన్నటిదాకా కంపచెట్లు మొలిచిన కట్ట మీద రేపు నడకబాట వేస్తారు, రంగురంగుల లైట్లు పెడతారు, బోటు షికారు వస్తుంది. మదనపల్లె కానీ, పుంగనూరు కానీ, కుప్పం కానీ, ఆ రోజు ఎంతో దూరంలో లేదు. ఆ బొమ్మలో మన గుడిసె ఎక్కడుంటుందో ఈ రోజే అడగాల.

హైదరాబాదు మూసీని చూడండి. నది సుందరీకరణ పేరుతో 2024 సెప్టెంబరులో రెవెన్యూ సిబ్బంది ఒడ్డు మీది ఇండ్ల గోడల మీద ఎర్రరంగుతో "ఆర్‌బి–ఎక్స్" అని గుర్తులు వేసినారు. చాలామందికి ఆ గుర్తే మొదటి కబురు. డబుల్ బెడ్‌రూమ్ ఇండ్లు ఇస్తామన్నారు, కొందరికి ఇచ్చినారు కూడా. అయితే గోడ మీద రంగు పడినాక జరిగే మాటలను సంప్రదింపు అనరు. ఎక్కడికి పోతావని అడగడం వేరు, పోవాలా వద్దా అని అడగడం వేరు.

మనకు దగ్గరి కథ ఇంకొకటి ఉంది, పాఠ్యపుస్తకంలో ఒక్క ముక్కే ఉంటుంది. 1969లో రాకెట్ కేంద్రానికి శ్రీహరికోటను ఎంచుకున్నారు. పులికాట్ సరస్సుకూ సముద్రానికీ నడుమ ఉన్న ఆ దీవిలో తరతరాలుగా బతికింది యానాదులు. చేపలు, దుంపలు, తేనె, మందుమొక్కలు వాళ్ళకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవు. రాకెట్ల కోసం వాళ్ళు తమ చోటు వదలాల్సి వచ్చింది. రాకెట్ ఎగిరినప్పుడు నేనూ పిల్లలతో కలిసి చప్పట్లు కొడతాను. ఆ తర్వాత ఆ దీవి ఎవరిదో కూడా చెబుతాను. మన టీచర్లలో ఎంతమంది చెబుతున్నారు?

ఇక పోరంబోకు సంగతి. రెవెన్యూ రికార్డులో అది పట్టా లేని ప్రభుత్వ భూమి. ఊర్లో అదే మాట తిట్టు. చెరువు పోరంబోకులో ఉన్నోడు మనిషిగా కూడా పోరంబోకే అయిపోతాడు. మీటింగు పెట్టినప్పుడు పట్టాదారుకు నోటీసు పోతుంది, అంగడి ఓనరుకు పోతుంది. కట్ట కింద నలభై ఏండ్లుగా ఉన్న ముసలవ్వకు పోదు. ఆమె "ఆక్రమణదారు". అదే చెరువు లోపల వెంచర్ వేసి, రాళ్ళు పాతి, ప్లాట్లు అమ్మినాయనకు మాత్రం కాగితాలుంటాయి. సభలో ఆయనకు ముందు వరుసలో కుర్చీ.

చట్టం మనల్ని ఎక్కడా లెక్కపెట్టలేదని అనుకోవద్దు. 2013 భూసేకరణ చట్టం తెరిచి "బాధిత కుటుంబం" అంటే ఎవరో చదవండి. భూమి లేకపోయినా సరే, మూడేండ్లుగా అడవి మీదనో నీటి వనరుల మీదనో బతుకుతున్న కుటుంబం బాధిత కుటుంబమే. చేపలు పట్టేవాళ్ళు, పడవ నడిపేవాళ్ళు, వేటగాళ్ళు అని పేరుపెట్టి మరీ రాసినారు. నదిలోనో చెరువులోనో చేపల హక్కు ఉన్న ఎస్టీలకు ప్రాజెక్టు జలాశయంలో చేపల హక్కు ఇవ్వాలనీ అందులోనే ఉంది. మరి మెలిక ఎక్కడంటే, ఈ చట్టం భూమి సేకరించినప్పుడే కదులుతుంది. చెరువు ముందే సర్కారుది. సర్కారు తన భూమిని తానే సేకరించుకోదు కదా. కాబట్టి సామాజిక ప్రభావ అంచనా ఉండదు, విచారణ ఉండదు, పునరావాసం దయ మీద ఆధారపడుతుంది. పట్టా ఉన్న రైతుకైతే కోర్టు దారి కొంతైనా ఉంది. మన పక్కనే సోమల మండలం ఆవులపల్లి జలాశయం మీద రైతులు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు పోతే, 2023లో ట్రిబ్యునల్ పర్యావరణ అనుమతిని రద్దు చేసి ప్రభుత్వానికి 100 కోట్ల జరిమానా వేసింది. విషయం సుప్రీంకోర్టుకు ఎక్కింది. పట్టా లేనోడు ఏ కాగితం పట్టుకుని ఆ మెట్లు ఎక్కాల?

పాడేరులో పుట్టి ఉంటే కథ కొంచెం వేరుగా ఉండేది. 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతంలో చిన్న నీటి వనరుల ప్రణాళికనూ నిర్వహణనూ పంచాయతీ చేతికి ఇచ్చింది. మనం మైదానపు గిరిజనులం. మదనపల్లె, పుంగనూరు, కుప్పం షెడ్యూల్డ్ ప్రాంతాలు కావు. ఎస్టీ సర్టిఫికెట్ మన జేబులో ఉంటుంది, ఎస్టీ గ్రామసభ మాత్రం ఉండదు. పట్టణంలోనైనా వార్డు కమిటీ అడుగుదామంటే, రాజ్యాంగం దాన్ని 3 లక్షలు, ఆపైన జనాభా ఉన్న చోటే తప్పనిసరి చేసింది. 2011 లెక్కల్లో మన మూడు పట్టణాల్లో ఏదీ ఆ గీత దాటలేదు. అంటే కౌన్సిల్ మనల్ని అడగాలంటే మనసైనా ఉండాల, లేదా మనం గట్టిగా నిలబడైనా అడిగించుకోవాల.

అడగడం చేతకాని పనేమీ కాదు. 2013లో ఒడిశాలోని నియమగిరి కొండ మీద బాక్సైట్ తవ్వాలా వద్దా అని సుప్రీంకోర్టు తీర్పు మేరకు 12 పల్లెలను అడిగినారు. జిల్లా కేంద్రానికి పిలవలేదు, జడ్జి ముందు ఆ పల్లెల్లోనే సభ పెట్టినారు. పన్నెండు పల్లెలూ వద్దన్నాయి. కొండ నిలిచింది. మన దగ్గర సభ ఎట్లా జరుగుతుంది? పనిరోజు పదకొండు గంటలకు, ఆఫీసులో. ఆ పొద్దుకు కుప్పం మనోళ్ళు బెంగళూరు బండెక్కి పోయుంటారు, మదనపల్లె మనోళ్ళు టమోటా తోటల్లో వంగి ఉంటారు. గోడకు ఇంగ్లీషు అక్షరాల ప్లాను. "అభ్యంతరాలు ఉంటే చెప్పండి" అంటారు. ఎవరూ మాట్లాడరు. "ఏకగ్రీవంగా ఆమోదం" అని రాస్తారు.

అధికారులు ఒక తీర్పు ముందు పెడతారు, జాగ్రత్తగా వినండి. 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెరువులు, ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తీసేయమంది. మంచి తీర్పే. అయితే దాని చివర్లో, భూమి లేని కూలీలకూ ఎస్సీ, ఎస్టీలకూ ప్రభుత్వ నోటిఫికేషన్ కింద లీజు ఇచ్చిన చోట, బడో ఆసుపత్రో ఉన్న చోట మినహాయింపు ఇవ్వొచ్చని కూడా ఉంది. మొదటి సగం అందరికీ నోటికొచ్చు. రెండో సగం చదివి వినిపించే పని మనదే.

కట్ట మీద, వాగులో ఇల్లు ప్రమాదం కాదా అంటారు. ప్రమాదమే. 2021 నవంబరులో అన్నమయ్య డ్యామ్ తెగినప్పుడు చెయ్యేరు ఏం చేసిందో చూసినాం. ఆ చెయ్యేరులో మన బాహుదా నీళ్ళూ ఉన్నాయి. వాగులోనే ఉంటామని ఎవరూ పంతం పట్టలేదు. కానీ పది మైళ్ళ అవతల బండరాళ్ళ మీద మూడు సెంట్లు ఇచ్చి ఇల్లు ఇచ్చినామంటే, చేపలు ఎక్కడ పట్టాల? ఈత మండ ఎక్కడ కోయాల? బిడ్డ ఏ బడికి పోవాల? ఇల్లు మార్చేటప్పుడు చెరువు నడిచిపోయేంత దూరంలో ఉండాలని ప్లానులో రాయమనడం గొంతెమ్మ కోరిక కాదు.

టీచర్లకు ఒక మాట. ఓటరు జాబితా మనం రాస్తాం, జనగణన మనం చేస్తాం, బడి బయట పిల్లల లెక్క కూడా మనమే తీస్తాం. కట్ట కింద ఏ గుడిసెలో ఎంతమంది ఉన్నారో సర్వేయరు కంటే మనకు బాగా తెలుసు. ఆ లెక్క మన బీరువాలో ఉండి, మున్సిపల్ ఆఫీసులో లేకపోతే ఎవరికి లాభం? పదో తరగతి దాటిన పిల్లలను కూర్చోబెట్టి చెరువు చుట్టూ పటం గీయించండి. ఎవరి ఇల్లు ఎక్కడ, ఎన్నేండ్లుగా ఉన్నారు, చెరువు నుంచి ఏం తెచ్చుకుంటారు, చేపల వేలం ఎవరు పాడతారు, వలలాగే కూలీ ఎవరు. ఆధార్, రేషన్ కార్డు, పాత కరెంటు బిల్లు, బడి అడ్మిషన్ రిజిస్టరు, ఏది దొరికినా జత చేయండి. మూడేండ్ల బతుకుకు సాక్ష్యం అదే.

చదువుకున్న మన పిల్లలతో కొంచెం కఠినంగానే అంటాను. సంతకాల కాగితం పట్టుకుని గుడిసె గుడిసెకూ తిరిగేది బయటోడు కాదు, మనోడే. రోజుకు ఐదు నూర్లకో, కాంట్రాక్టరు దగ్గర పనికోసమో. "వేలిముద్ర వేయి పెద్దమ్మా, ఇల్లొస్తుంది" అంటాడు. తమ్ముడూ, ఆ కాగితంలో ఏముందో ముందు నీవు చదివి ఆమెకు వినిపించు. వినిపించలేనంత సిగ్గుగా ఉంటే దాన్ని తీసుకుపోవద్దు.

సమాచార హక్కు చట్టం 2005లో, ప్రజల మీద ప్రభావం చూపే నిర్ణయాల వివరాలను ఎవరూ అడగకముందే ప్రచురించాలని నాలుగో సెక్షన్ చెబుతుంది. కాబట్టి మన మొదటి అర్జీ ఇదే: డీపీఆర్ తెలుగులో ఇవ్వండి, టెండరుకు ముందే ఇవ్వండి. సభ ఆదివారం సాయంత్రం కట్ట మీద పెట్టండి. ఎరుకల మాటలో చెప్పినా, సుగాలి మాటలో చెప్పినా చెప్పింది చెప్పినట్టు రాసి, అక్కడే చదివి వినిపించి, నకలు చేతికివ్వండి. వద్దన్నోళ్ళ పేర్లు కూడా అందులో ఉండాల.